ఆవిరి ఇంజనులకు ఆయువు పోయు శాల

మన దేశమున తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు నడచెను. నాటి నుండి సుమారు 140 సంవత్సరముల పాటు మన పెండ్లి ప్రయాణములను, తీర్థయాత్రలను, ఉద్యోగపు బదిలీలను మోసినది బొగ్గు, నీరు, నిప్పు అను మూడు వస్తువులే. బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరి ఇంజను లాగిన చివరి సాధారణపు బండి 1995 డిసెంబరు 6వ తేదీన పంజాబులో జలంధరు, ఫిరోజుపూరుల నడుమ నడచెను. పిదప ఆ ఇంజనులలో అనేకము తుక్కు క్రింద అమ్ముడుపోయినవి. కొన్ని స్టేషనుల ముంగిట దిమ్మెల మీద రంగు పూసుకొని నిలిచినవి. నిప్పు రాజుకొని, ఆవిరి పుట్టి, పట్టాల మీద కదలగల ఇంజనులు మిక్కిలి కొలది. వానికి నెలవైనది హర్యానాలోని రేవారీ లోకో షెడ్డు.

ఢిల్లీకి నైరుతి దిశగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున ఉన్న రేవారీకి 1873లో మీటర్‌గేజి దారి వచ్చెను. రాజపుటానా వైపు పోవు మార్గములు అచట కలియుటచే ఆ ఊరు పెద్ద జంక్షను అయ్యెను. 1893లో అచట ఇంజనుశాలను నిర్మించిరి. బండి లాగి వచ్చిన ఇంజను బూడిద దులుపుకొని, బొగ్గు, నీరు నింపుకొని, మరల దారి పట్టుటకు ఆ శాల ఆధారమై యుండెను. డీజిలు ఇంజనులు ప్రబలిన పిమ్మట 1990 ప్రాంతమున దాని పని ముగిసెను. కాని ఆ కట్టడమును కూల్చివేయక, 2002లో వారసత్వ శాలగా ఉద్ధరించిరి. 2010లో మరింత తీర్చిదిద్ది సందర్శకులకు చూపిరి.

ఈ శాలలోని ఇంజనులకు పేర్లు కలవు. చివరి బ్రాడ్‌గేజి బండిని లాగిన 'షేర్-ఎ-పంజాబ్' ఇచటనే ఉన్నది. 'అక్బర్', 'ఆజాద్' అనునవి డబ్ల్యు.పి. తరగతికి చెందినవి. 'ఆజాద్' 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారమున తయారై వచ్చినది. 'అక్బర్' 1965లో మన చిత్తరంజనులోనే రూపొందినది. గుండ్రని ముక్కు, ముక్కు మీద నక్షత్రము కల ఈ తరగతి ఇంజనులను తెలుగువారు బాగుగా ఎరుగుదురు. బెజవాడ, కాజీపేటల మీదుగా పోవు గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సును ఏండ్ల తరబడి లాగినవి ఇవియే.

ఇట్టి యంత్రమును సజీవముగ ఉంచుట ఎట్లు? చూపరులకు మెరయు ఇత్తడి, నల్లని రంగు మాత్రమే కనిపించును. ఇంజను ఆయుర్దాయమంతయు లోపలి బాయిలరులో ఉన్నది. నీటిలోని సున్నపు పదార్థము బాయిలరు రేకులకు, గొట్టములకు పొరగా అంటుకొనును. ఆ పొర దట్టమైనచో వేడి నీటికి చేరక రేకు కాలిపోవును. కావున బాయిలరును మాటిమాటికి ఖాళీ చేసి, నీటి ధారతో కడిగి, మడ్డిని తోడివేయుదురు. మంట మండు పెట్టెకును, దాని చుట్టునున్న కవచమునకును నడుమ వందలకొలది ఉక్కు బోల్టులు బంధములుగా ఉండును. ఒక్కొక్క దానిని చిన్న సుత్తితో తట్టి చూచుదురు. చెక్కుచెదరని బోల్టు ఖంగున మ్రోగును. విరిగినది మందముగా పలుకును.

మంట పెట్టె కప్పులో సీసము నింపిన బిరడా ఒకటి ఉండును. నీటిమట్టము పొరపాటున ఆ కప్పు కంటె దిగువకు జారినచో సీసము కరగి, ఆవిరి లోనికి దూకి మంటను అణచి, సిబ్బందిని హెచ్చరించును. ఒక బిరడా ప్రాణములను కాపాడు విధము ఇది. డబ్ల్యు.పి. బాయిలరులో చదరపు అంగుళమునకు 210 పౌనుల ఒత్తిడి ఉండునని తలచినచో దాని విలువ తెలియగలదు. చల్లారిన ఇంజనును తొందరపడి వేడి చేయుటయు తగదు. ఒక భాగము ముందుగాను, వేరొక భాగము వెనుకగాను వ్యాకోచించి అతుకులు వదలును. కావున గంటల తరబడి మెల్లమెల్లగా నిప్పు పెంచుదురు.

మనము చిన్ననాట అనుకరించిన 'ఛుక్ ఛుక్' ధ్వనికిని అర్థము కలదు. పని ముగించిన ఆవిరి పొగగొట్టము గుండ వెలికి పోవునపుడు పుట్టు చప్పుడది. రెండు సిలిండర్లు కల ఇంజను చక్రము ఒక్కసారి తిరుగునప్పటికి నాలుగు మారులు అది వినిపించును. నాలుగును సమముగా పలికినచో వాల్వులు సరిగా ఉన్నట్లు. ఒకటి తడబడినచో ఎచట మరమ్మతు కావలెనో అనుభవజ్ఞుడైన డ్రైవరు చెవితోనే పోల్చుకొనును.

పాత ఇంజను ఒకటి మరల నడచిన కథ ఇచట తలపదగినది. 1855లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున తయారైన 'ఫెయిరీ క్వీన్' హౌరా, రాణీగంజుల నడుమ టపా బండ్లను లాగి, 1909లో విశ్రాంతి పొందెను. 88 సంవత్సరముల పిదప, మద్రాసు పెరంబూరు కర్మాగారమున మరమ్మతు పొంది, 1997లో తన ఆవిరితో తానే కదలి, ఢిల్లీ నుండి అల్వారుకు యాత్రికులను కొనిపోయెను. క్రమముగా నడచు ఆవిరి ఇంజనులలో ప్రపంచమున మిక్కిలి పాతదిగా 1998లో గిన్నిస్ గ్రంథమున నమోదయ్యెను. తరువాతి కాలమున దాని సంరక్షణ రేవారీ శాలకు సంక్రమించెను.

ఇందులో గమనింపదగినది కాలము. 1997 నాటికి బ్రాడ్‌గేజి ఆవిరి బండ్లు ఆగి రెండేండ్లు కూడ నిండలేదు. బాయిలరు పని ఎరిగిన చేతులు అపుడు కర్మాగారములలో ఇంకను ఉండెను. నేటి మాట వేరు. 1995లో 20 ఏండ్ల వయస్సున పనిలో చేరిన కుర్రవారు సైతము ఇపుడు 50వ పడిలో ఉన్నారు. రైల్వే ఉద్యోగమునకు విరమణ వయస్సు 60. చిత్తరంజనులో ఆవిరి ఇంజనుల తయారీ 1972లోనే ముగిసినందున, అరిగిన భాగమునకు బదులు కొత్తది అంగడిలో దొరకదు. పాతదాని కొలతలు తీసి పోతపోసి, తరిమెన పట్టి, చేతితో గీకి, సరిపోవు వరకు సవరింపవలెను.

నమూనా పటములను బీరువాలో భద్రపరుపవచ్చును. ఇంజనును కప్పు క్రింద దాచవచ్చును. విరిగిన బోల్టు పలుకు మాత్రము ఏ పటములోను వ్రాసి లేదు. పెద్ద మేస్త్రీ ప్రక్కన నిలిచి, సుత్తి పట్టి, విన్నవానికే అది వచ్చును. రేవారీలో ఇంజనును నడుపుటకై నిప్పు వేసిన ప్రతిసారియు ఒక పడుచు పనివాడు ఆ పలుకును నేర్చుకొను అవకాశము కలుగుచున్నది. నిప్పు వేయుట మానినచో ఇనుము చాలకాలము నిలుచును, విద్య మాత్రము ఒక తరముతో అంతరించును. ఆ శాల కాపాడుచున్న నిజమైన ఆస్తి ఆ విద్యయే.