ప్రకటింపబడిన ఆజ్ఞలు, ప్రకటింపబడని ఆజ్ఞలు

అనకాపల్లి జిల్లాలోని బుచ్చయ్యపేట మండలము, చోడవరమునకును మాడుగుల కొండలకును నడుమ, చెఱకుతోటలతోను వరిమళ్ళతోను అలరారు పల్లెల సముదాయము. ఈ మండలములోని వడ్డాది నేడు బాటసారికి సామాన్యమైన ఊరివలెనే కనబడినను, మధ్యయుగమున మత్స్యవంశపు రాజులకు రాజధానియై ఒడ్డాది యను పేర శాసనములకు ఎక్కినది. దిబ్బిడి గ్రామము పేర ప్రసిద్ధమైన తామ్రశాసనము ఆ వంశపువారిదే. శకవర్షము 1191లో, అనగా క్రీస్తుశకము 1269లో, మత్స్యవంశీయుడైన అర్జునుడు బ్రాహ్మణులకు గ్రామదానము చేయుచు వ్రాయించిన ఆ శాసనమును, తరువాతి కాలమున వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులైన గిడుగు రామమూర్తి పంతులుగారు పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. రాజు ఇచ్చిన ఆజ్ఞ, ఇచ్చినవాని పేరుతోను కాలనిర్దేశముతోను రేకులపై చెక్కబడి, దానివలన లాభము పొందువారి చేతికే అందుటచేత, ఏడున్నర శతాబ్దముల పిదప కూడ మనము దానిని చదివి తప్పొప్పులు విచారింప గలుగుచున్నాము.

మాటను గూర్చిన ప్రభుత్వాజ్ఞల చరిత్రను ఈ దృష్టితో చూడవలెనని నాకు చిరకాలముగా తోచుచున్నది. ఏ ప్రభుత్వమైనను ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మాటను అడ్డగింపక మానదు. అయితే అడ్డగించితిమని చెప్పి అడ్డగించుటకును, అడ్డగించిన సంగతినే దాచుటకును నడుమ గల అంతరము స్వల్పమైనది కాదు. మొదటిది తప్పయినచో దిద్దుకొనుటకు దారి యుండును. రెండవదానికి ఆ దారియే మూసికొనిపోవును.

బుచ్చయ్యపేటకు కూడ వర్తించిన మొదటి రకపు ఆజ్ఞ యొకటి 1950 మార్చి 1వ తేదీ గలది. అప్పటికి ఆంధ్రరాష్ట్రము ఏర్పడలేదు. విశాఖపట్టణము జిల్లా యావత్తు మదరాసు రాష్ట్రములోనిది. బొంబాయిలో రొమేష్ థాపర్ ప్రచురించుచుండిన క్రాస్ రోడ్స్ అను ఆంగ్ల వారపత్రిక మదరాసు రాష్ట్రములోనికి వచ్చుటగాని, అచ్చట అమ్మబడుటగాని, పంచబడుటగాని కూడదని రాష్ట్ర ప్రభుత్వము 1949 నాటి ప్రజాశాంతి సంరక్షణ చట్టములోని 9వ విభాగము ననుసరించి ఉత్తరువు చేసెను. కాలము ఉద్రిక్తమైనది. ఆ రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీ నిషేధింపబడియుండెను; పొరుగున తెలంగాణములో సాయుధ పోరాటము సాగుచుండెను; అంతకు పదునెనిమిది దినములకు పూర్వమే, ఫిబ్రవరి 11న, సేలము చెఱసాలలో జరిగిన కాల్పులలో 22 మంది ఖైదీలు మరణించిరి. అట్టి దినములలో వామపక్షపు పత్రిక నొకదానిని ప్రభుత్వము సహింపజాలకపోవుట వింత కాదు. అయినను ఆ ఉత్తరువు ఫోర్టు సెయింట్ జార్జి గెజెట్టులో అచ్చుపడినది. ఏ చట్టము, ఏ విభాగము, ఏ దినము, ఏ పత్రిక, ఏ ప్రాంతము అనునవన్నియు అందు స్పష్టముగా కలవు. ఆ పత్రికను చదువగోరిన బుచ్చయ్యపేట వాసి ఎవడైనను తనకు అది ఏల అందదో తెలిసికొనగలిగి యుండెను.

థాపర్ ఆ కాగితమునే చేతబట్టి, అప్పటికి నాలుగు నెలలు కూడ నిండని సుప్రీంకోర్టు ద్వారమునకు తిన్నగా పోయెను. మే 26వ తేదీన తీర్పు వెలువడినది. మెజారిటీ పక్షమున తీర్పు వ్రాసిన పతంజలి శాస్త్రిగారు, మాటను ప్రకటించు స్వాతంత్ర్యముతోపాటు దానిని పలువురకు అందజేయు స్వాతంత్ర్యము కూడ రాజ్యాంగములోని 19వ అధికరణములో అంతర్భాగమే యనియు, రాజ్యభద్రతకు భంగము కలుగు సందర్భము వేఱు, సామాన్యమైన ప్రజాశాంతికి కలుగు భంగము వేఱు అనియు విడదీసి చూపిరి. ఆనాటి 19వ అధికరణము మొదటిదానికే మినహాయింపు నొసగియుండెను గనుక, రెండవదాని పేర పత్రికలను ఆపుటకు వీలు కల్పించిన చట్టభాగము నిలువదని నిర్ణయించిరి. ఫజల్ అలీగారు ఒక్కరే విభేదించిరి. ఢిల్లీలో ఆర్గనైజర్ పత్రికపై విధింపబడిన ముందస్తు తనిఖీ కూడ అదే దినమున అదే న్యాయస్థానములో కొట్టివేయబడుట గమనింపదగినది. ఒకటి వామపక్షమునకు చెందినది, రెండవది దానికి పూర్తిగా విరుద్ధమైన పక్షమునకు చెందినది. ఏడాది దాటిన కొలది దినములకే, 1951 జూన్ 18న అమలులోనికి వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ ప్రజాశాంతి అను కారణమును 19వ అధికరణములో చేర్చి ఆ తీర్పు ప్రభావమును చాలవఱకు తగ్గించెను. అయితే ఆ సవరణయే ఆంక్ష ఏదైనను సమంజసముగా ఉండవలెనను నియమమును కూడ చేర్చినది. ఈ వాదప్రతివాదములన్నియు ఆ ఉత్తరువు బహిరంగమైనది గనుకనే జరిగినవి.

ఈ బహిరంగత స్వతంత్ర భారతము సృష్టించినది కాదు. పరప్రభుత్వము తన పాలనలో కఠినమైన చట్టము లెన్నింటినో చేసినను, అవి కాగితముపై కనబడు చట్టములు. 1867 నాటి చట్టము ప్రతి పుస్తకముపై ముద్రాపకుని పేరును ముద్రణస్థలమును ఉండవలెనని శాసించెను. 1908లో బెజవాడ నుండి స్వరాజ్య పత్రికను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, తిరునెల్వేలి కాల్పులను ఖండించు వ్యాసము ప్రకటించినందులకు రాజద్రోహ నేరము మోపబడి మూడేండ్లు చెఱ ననుభవించిరి. ఆంధ్రుల తొలి రాజకీయ ఖైదీగా వారిని మనవారు తలచుకొనుచుందురు. 1910 నాటి పత్రికా చట్టము కొత్త ముద్రణాలయమునుండి 500 మొదలు 2000 రూపాయల వఱకు ధరావతు పుచ్చుకొని, ప్రభుత్వమునకు నచ్చని వ్రాత వెలువడినచో దానిని హరించెడిది. పేద పత్రికలకు అది ఉరిత్రాడే. కాని ఆ చట్టములోని 12వ విభాగము, ఏ పత్రికనైనను పుస్తకమునైనను జప్తు చేయునెడల ప్రభుత్వము తన అభిప్రాయమునకు ఆధారమైన కారణములను తెలుపుచు గెజెట్టులో ప్రకటింపవలెననియు, 17వ విభాగము రెండు మాసములలో హైకోర్టుకు పోవచ్చుననియు చెప్పుచుండెను. అనీబిసెంటు తన న్యూ ఇండియా పత్రిక విషయమున 1916లో ఆ దారినే మదరాసు హైకోర్టుకు పోయి ఓడిపోయినను, ఆ వ్యాజ్యము దేశమంతట చర్చకు వచ్చుటవలన ప్రభుత్వమునకు కలిగిన అప్రతిష్ఠ ఆమె విజయముకంటె తక్కువది కాదు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవల రెండుసార్లు నిషేధమునకు గురియై, 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గమునాడు విముక్తమైనది. మన ఉత్తరాంధ్రమునకే చెందిన గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనమును గూర్చి పాట కట్టి చెఱసాలకు పోయిరి. పాటకు ముద్రాపకుడు లేడు, ధరావతు లేదు, కావున పాడిన మనుష్యుని పట్టుకొనుటకంటె ప్రభుత్వమునకు గత్యంతరము లేకపోయెను. బుచ్చయ్యపేటకు పడమరగా, నర్సీపట్నము దాటిన పిదప వచ్చు కృష్ణదేవిపేట ఠాణాపై 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళము దాడి చేసిన దినములలో, ఆ వార్త ఈ పల్లెలకు నోటిమాటగానే చేరియుండవలెను. నోటిమాటను ఆపు చట్టమును ఏ ప్రభుత్వమును నేటివఱకు కనిపెట్టలేదు.

తంతి మాత్రము వేఱు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టములోని 5వ విభాగము, అత్యయిక పరిస్థితి సంభవించినప్పుడుగాని ప్రజల భద్రత కొఱకుగాని సందేశములను ఆపుటకును, నడుమ పట్టి చదువుటకును ప్రభుత్వమునకు అధికార మొసగెను. పత్రికను ఆపినచో ఖాళీ కాగితమైనను సాక్ష్యము పలుకును. 1975 జూన్‌లో అత్యయిక స్థితి విధింపబడినప్పుడు కొన్ని పత్రికలు సంపాదకీయ స్థలమును తెల్లగా విడిచి నిరసన తెలిపినవి గదా. ఆపబడిన తంతివార్త తాను ఆపబడితినని ఎవరికిని చెప్పదు. ఇంటర్నెట్టు ఈ తంతి వంశములో పుట్టినది. తంతి సేవ 2013 జూలైలో ముగిసినను, ఆ చట్టము క్రిందనే 2017లో ఇంటర్నెట్టును తాత్కాలికముగా నిలుపుటకు నియమములు వెలువడినవి.

ఇంతలో ఇంటర్నెట్టు పల్లెకు వచ్చినది. 2016 డిసెంబరులో అప్పటి తూర్పుగోదావరి జిల్లా మోరి గ్రామమున ఆరంభమై, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారిచే జాతికి అంకితము చేయబడిన ఏపీ ఫైబర్‌నెట్ పథకము, విద్యుత్తు స్తంభములపైనుండియే తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టును, టెలివిజనును, ఫోనును ఇంటికి చేర్చెదనని ప్రతిజ్ఞ చేసెను. నేడు చెఱకు రైతు అనకాపల్లి బెల్లపు ధరను చేతిలోని ఫోనులో చూచుకొనుచున్నాడు. రేషను, పింఛను, బడి ఫలితము, రైతుబజారు ధర, బంధువుల క్షేమసమాచారము అన్నియు అదే తీగపై నడచుచున్నవి. కావున ఆ తీగను నిలుపు ఆజ్ఞ ఒక పత్రికను నిషేధించు ఆజ్ఞకంటె అనేక రెట్లు బరువైనది.

దాని బరువెంతయో 2022 మేలో కోనసీమ చవిచూచినది. కొత్త జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటపై అమలాపురములో అల్లరులు చెలరేగి ఇండ్లు దగ్ధమైన పిదప అక్కడ మొబైల్ ఇంటర్నెట్టు అనేక దినములు నిలుపబడినది. అల్లరి చేసినవారితో ఏ సంబంధమును లేక, ఇంటినుండి పని చేయుచున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సిగ్నలు కొఱకు పొరుగు ఊళ్ళకు పోవలసి వచ్చినది. అల్లరులను అణచుట ప్రభుత్వధర్మమే. నేను దానిని కాదనను. అయితే కాశ్మీరమునకు సంబంధించిన అనూరాధా భాసిన్ వ్యాజ్యములో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, ఇట్టి ప్రతి ఉత్తరువును ప్రకటింపవలెననియు, అది పరిమితమై ప్రమాదమునకు తగిన పరిమాణములో ఉండవలెననియు స్పష్టముగా ఆదేశించినది. 2024 నవంబరులో వచ్చిన కొత్త నియమములు కూడ నిలిపివేత ఉత్తరువులను కారణసహితముగా ప్రకటింపవలెననినవి. ఇది సంతోషకరము. ఆ ప్రకటన తెలుగులో, ఆ మండలపు ప్రజల కంట బడునట్లు ఉండవలెనని మాత్రము నా విన్నపము.

వదంతులు ప్రాణములు తీయును గదా, వానిని చూచుచు ఊరకుందుమా యని అడుగువారికి సమాధానము మన తెలుగునేలపైననే కలదు. 2018 వేసవిలో పిల్లల నెత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారను వాట్సాప్ వదంతి రెండు తెలుగు రాష్ట్రములలోను అపరిచితులపై దాడులకు దారి తీసినప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు పోలీసులను గ్రామగ్రామమునకు పంపి, జానపద కళాకారులచే పాటలు పాడించి, ఆ వార్త అబద్ధమని జనులకు నేరుగా చెప్పించిరి. ఆ జిల్లాలో ప్రాణనష్టము జరుగలేదు. అసత్యమునకు బహిరంగమైన సత్యమే విరుగుడని ఇంత సూటిగా నిరూపించిన ఉదాహరణ మఱియొకటి నాకు తెలియదు.

ఇక వ్యక్తుల వ్రాతలను గూర్చి. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ విభాగము, చికాకు కలిగించు సందేశములను సైతము నేరముగా నెంచెను. 2013 మేలో, చీరాల శాసనసభ్యుని గూర్చియు, అప్పుడు తమిళనాడు గవర్నరుగా ఉన్న రోశయ్యగారిని గూర్చియు ఫేస్‌బుక్కులో వ్రాసినందులకు, పౌరహక్కుల సంఘమునకు రాష్ట్ర అధ్యక్షురాలైన న్యాయవాదిని ఆ విభాగము క్రింద హైదరాబాదులో నిర్బంధించిరి. ఆ సంఘటన జరిగిన కొలది దినములలోనే, పై అధికారి అనుమతి లేనిదే ఇట్టి నిర్బంధములు కూడవని సుప్రీంకోర్టు చెప్పినది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో ఆ విభాగమునే కొట్టివేసినది. ఈ విజయమును మనము సముచితముగానే కొనియాడితిమి. అదే తీర్పు 69ఏ విభాగమును నిలబెట్టిన సంగతిని అంత శ్రద్ధగా గమనింపలేదు.

69ఏ విభాగము వెబ్‌సైట్లను, ఖాతాలను, వ్రాతలను జనులకు కనబడకుండ చేయు అధికారమును కేంద్రమునకు ఇచ్చుచున్నది. కారణములను వ్రాతమూలకముగా నమోదు చేయవలెనని చట్టము చెప్పుచున్నందున దానిని న్యాయస్థానములో సవాలు చేయవచ్చునని తీర్పు భావించినది. కాని దాని క్రింద 2009లో చేయబడిన నియమములలోని 16వ నియమము, వచ్చిన ఫిర్యాదులును తీసికొన్న చర్యలును పూర్తిగా గోప్యముగా ఉండవలెనని శాసించుచున్నది. కారణము వ్రాయబడియున్నను, అది ఎవరి వ్రాత గూర్చినదో వారికే అందకపోవచ్చును. ఇందలి అసంగతత్వమును గట్టిగా చెప్పవలెనన్న ఒక తెలుగు పుస్తకమును తీసికొనుడు. దానిని నేడు ప్రభుత్వము జప్తు చేయదలచినచో, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 98వ విభాగము ప్రకారము కారణములు తెలుపుచు ప్రకటన వెలువరింపవలెను; అన్యాయమైనచో హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనమును ఆశ్రయింపవచ్చును. ఇది 1910 చట్టమునుండి వారసత్వముగా వచ్చిన రక్షణయే. ఆ పుస్తకమునే రచయిత ఇంటర్నెట్టులో ఉంచినచో, ఒక ఉదయము అది పాఠకులకు కనబడకపోవును; ఏ గెజెట్టును దాని సంగతి చెప్పదు. దొరలు కాగితమునకు ఇచ్చిన మర్యాదను మన గణతంత్రము తెరపైని అక్షరమునకు ఇయ్యకుండుట నాకు మిక్కిలి బాధాకరముగా ఉన్నది.

ఈ 16వ నియమమును, వ్రాసినవానికి నోటీసు ఇయ్యకయే వ్రాతను తొలగించుటకు వీలిచ్చు తక్కిన నియమభాగములను ప్రశ్నించుచు సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ వేసిన వ్యాజ్యముపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వమునకు నోటీసు ఇచ్చినది. వాది కోరినది పెద్ద వరమేమియు కాదు: వ్రాసినవాడెవడో తెలిసియున్నప్పుడు, అతని వ్రాతను ఆపుటకు పూర్వము అతనికి ఆ సంగతి తెలుపవలెనని మాత్రమే.