షిటాకే నుంచి సూదిమందు దాకా: లెంటినాన్ చరిత్ర

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ‘క్యాన్సర్‌ను కరిగించే పుట్టగొడుగు’ అనే సందేశం ఏడాదికి ఒకసారైనా తిరుగుతుంది. అందరం యాభైలు దాటినవాళ్లమే, ఎవరో ఒకరి ఇంట్లో ఆ జబ్బు ఉండనే ఉంటుంది. అందుకే దాని వెనకున్న అసలు చరిత్ర ఈ సంచికలో రాస్తున్నాను.

టోక్యోలోని జాతీయ క్యాన్సర్ కేంద్రంలో గోరో చిహారా బృందం షిటాకే పుట్టగొడుగులను వేడినీళ్లలో మరిగించి, ఆ కషాయం నుంచి ఒక పాలీశాకరైడ్‌ను వేరుచేసింది. 1969లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. షిటాకేకు అప్పటి శాస్త్రీయ నామం లెంటినస్ ఎడోడెస్ కనుక దానికి లెంటినాన్ అని పేరు. సార్కోమా 180 అనే కణితి పెట్టిన ఎలుకలకు దీన్ని సూదితో ఎక్కిస్తే చాలావాటిలో కణితి కరిగిపోయింది.

అసలు విశేషం తర్వాత తేలింది. గాజుపాత్రలో పెంచిన క్యాన్సర్ కణాలను లెంటినాన్ నేరుగా చంపదు. పుట్టగానే థైమస్ గ్రంథి తీసేసిన ఎలుకల్లో దాని ప్రభావం బాగా తగ్గిపోయిందని 1971లో అదే బృందం చూపింది. అంటే ఇది కణితికి విషం కాదు. పోరాడేది ఒంట్లోని టి కణాలే, ఇది వాటిని తట్టి లేపుతుంది. కీమో అంటే విషమే అనుకునే రోజుల్లో ఇది కొత్త ఆలోచన.

దీని నిర్మాణం ఇంజనీరుకు ముచ్చటేస్తుంది. గ్లూకోజ్ గొలుసు, ప్రతి ఐదు గ్లూకోజులకు రెండు కొమ్మలు, అలాంటి మూడు గొలుసులు తాడు పేనినట్టు పెనవేసుకుంటాయి. ఇది శిలీంధ్రాల కణగోడలో ఉండే బీటా గ్లూకాన్ జాతి. దీన్ని పసిగట్టే డెక్టిన్-1 అనే గ్రాహకం మన తెల్లకణాల మీద ఉందని 2001లో తెలిసింది.

జపాన్ 1977లో మరో పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌కు, 1985లో కడుపు క్యాన్సర్‌కు లెంటినాన్‌కు అనుమతిచ్చింది. క్రెస్టిన్ విపరీతంగా అమ్ముడుపోయింది. 1989లో ప్రభుత్వం దాన్ని కీమోతో కలిపే వాడాలని కట్టడి చేసింది. ముదిరిన కడుపు క్యాన్సర్‌లో కీమోకు లెంటినాన్ జోడించినా ఆయుష్షు పెరగలేదని 2016లో వెలువడిన పెద్ద పరీక్ష చెప్పింది. కొన్నేళ్లలోనే రెండు మందులూ అక్కడి మార్కెట్ నుంచి తప్పుకున్నాయి.

ఇప్పుడు మన దగ్గర డబ్బాల్లో వచ్చే పొడి మీద ఇదే చరిత్రను అచ్చువేసి అమ్ముతున్నారు. లెంటినాన్ నోటితో మింగిన మందు కాదు, శుద్ధిచేసి నరానికి ఎక్కించింది. దాన్ని వాడినన్నాళ్లూ జపాన్ డాక్టర్లు కీమోతో కలిపే ఇచ్చారు.