ఆర్.సి.ఎం. వాళ్ళు క్రైస్తవులు కారా?

ఈ పూట చరిత్ర గురించి ఏదైనా చెప్పమన్నారు. నేను మస్కట్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. లెక్కలు రాసి బతికినవాణ్ణి, చరిత్ర నాకు సరదా మాత్రమే. అందుకని రాజులూ యుద్ధాలూ వదిలేసి, మా ఇంట్లో పుట్టిన ఒక ప్రశ్నతో మొదలుపెడతాను.

2007 సంగతి. మా మరదలు, అంటే మా ఆవిడ చెల్లెలు, ఇక్కడే నర్సు. ఒక సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు, ఒంగోలు వైపు కుటుంబం. ప్రధానం ఎప్పుడు పెట్టుకుందాం అనుకుంటుండగా అబ్బాయి తల్లిగారు ఫోన్ చేశారు. "అమ్మాయి ఆర్.సి.ఎం. కదండీ. పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకోవాలి. ఎంతైనా మనం క్రైస్తవులం" అన్నారు. మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఆవిడకి అది అంత మామూలు సంగతి.

ఆ సాయంత్రం మా మరదలు మా ఇంటికి వచ్చి, "బావా, నాకు మూడు నెలలప్పుడే అమ్మ గుళ్ళో జ్ఞానస్నానం ఇప్పించింది. అది లెక్కలోకి రాదట. అంటే మేం క్రైస్తవులం కామా?" అంది. కాసేపాగి, "మరి అమ్మ?" అంది. మా అత్తగారు అంతకు ముందు సంవత్సరమే పోయారు, చేతిలో జపమాలతో.

నేనేమన్నానో చెప్పాలి కదా. "పోనీలేమ్మా, ఒకసారి నీళ్ళలో మునిగితే పోయేదేముంది?" అన్నాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను గుంటూరు లూథరన్‌ని, ఆవిడ ఫిరంగిపురం కాథలిక్. ఇన్నేళ్ళ కాపురంలో నేను అన్న తెలివితక్కువ మాటల్లో అది మొదటిది. దాని తర్వాతే కాస్త పుస్తకాలు తిరగేశాను. అందులో నాకు దొరికింది మీకు చెబుతాను.

ముందు సూటిగా జవాబు. కాథలిక్కులు క్రైస్తవులే. ప్రపంచంలో ఉన్న క్రైస్తవుల్లో దాదాపు సగం మంది వాళ్ళే. త్రిత్వం, యేసు దైవత్వం, సిలువ మరణం, పునరుత్థానం ఇవన్నీ వాళ్ళకీ మాకూ ఒకటే. 325లో నికయాలో కూర్చుని రాసుకున్న విశ్వాస ప్రమాణం ఇద్దరిదీ. మా లూథరన్ గుళ్ళో మేము ప్రతివారం విశ్వాస ప్రమాణం చదివేటప్పుడు "సార్వత్రిక సంఘం" అంటాం చూశారా, ఆ సార్వత్రిక అన్న మాటకి గ్రీకులో ఉన్నది కాథలిక్ అన్న మాటే. నోటితో రోజూ అంటూనే ఉన్నాం, చెవికి వినపడదు.

మరి మనవాళ్ళలో "క్రైస్తవులు వేరు, ఆర్.సి.ఎం. వేరు" అన్న మాట ఎలా పుట్టింది? దీనికి వేదాంతం కన్నా మన జిల్లాల చరిత్ర ఎక్కువ కారణం అని నా అభిప్రాయం. తెలుగు దేశంలో క్రైస్తవం ఒక్కసారి, ఒక్క దారిన రాలేదు. 18వ శతాబ్దం మొదట్లో జెస్యూట్ ఫాదర్లు పుంగనూరు మీదుగా రాయలసీమలోకి వచ్చారు. వాళ్ళ దగ్గర కాథలిక్కులైన రెడ్డి, కమ్మ కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు వైపు వలస వచ్చాయి. ఫిరంగిపురం, రెంటచింతల లాంటి ఊళ్ళ కథ అదే. లూథరన్ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టింది చాలా తర్వాత, 1842 జులై 31న. తమాషా ఏమిటంటే, ప్రొటెస్టెంటు పాదిరి అయినా ఆయన్ని మా వాళ్ళు ఇప్పటికీ "ఫాదర్ హయ్యర్" అనే అంటారు. బాప్టిస్టులు నెల్లూరు నుంచి ఒంగోలు చేరారు. 1878 జులై 3న, ధాత కరువు వెనకాలే, గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొర బృందం ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. మా మరదలికి వచ్చిన సంబంధం వాళ్ళ ముత్తాతలు ఆ నీళ్ళలో మునిగినవాళ్ళే.

ఇలా ఒక్కో మిషను ఒక్కో తాలూకా పట్టుకుంది, ఒక్కో మిషనుకి ఒక్కో మాట. కాథలిక్కులది జ్ఞానస్నానం, మిగతావాళ్ళది బాప్తిస్మం. వాళ్ళది పవిత్ర గ్రంథం, మాది పరిశుద్ధ గ్రంథం. వాళ్ళు దివ్యసత్ప్రసాదం అంటే మేం సంస్కారం అంటాం. పక్కపక్క ఊళ్ళలో ఒకే దేవుడికి రెండు నిఘంటువులు తయారయ్యాయి. మాట వేరైతే మతమే వేరనుకోవడానికి ఎంతసేపు? ఇంకో సంగతి కూడా ఉంది, మర్యాదకి దాచకూడదు. మన వైపు పెళ్ళిళ్ళలో "మీది ఏ మిషను?" అన్న ప్రశ్న చాలాసార్లు కులం అడగడానికి దొడ్డిదారి. కాథలిక్కుల్లోనూ దళితులు ఎంతోమంది. 2022లో కార్డినల్ అయిన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని గారు తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారే. అయినా ఆర్.సి.ఎం. అనగానే కొందరికి రెడ్లు మాత్రమే గుర్తొస్తారు.

అంటే తేడాలు లేవా? ఉన్నాయి, చిన్నవి కావు. పోపు గారి అధికారం ప్రొటెస్టెంట్లు ఒప్పుకోరు. కాథలిక్ బైబిలులో 73 పుస్తకాలు, మాదాంట్లో 66. తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటి ఏడు పుస్తకాలు మా పాత నిబంధనలో లేవు. లూథర్ 1534లో అచ్చువేసిన జర్మన్ బైబిలులో వాటిని పారేయలేదు, రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడు. వాళ్ళకి ఏడు సంస్కారాలు, మాకు రెండు. రొట్టె, ద్రాక్షరసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారిపోతాయని కాథలిక్కులు నమ్ముతారు. లూథరన్లు మారతాయనరు గానీ క్రీస్తు అందులో నిజంగానే ఉన్నాడంటారు. బాప్టిస్టులకి అది జ్ఞాపకార్థం చేసేది. చూశారా, ఇక్కడ నేను మా బాప్టిస్టు స్నేహితుల కన్నా మా అత్తవారికే దగ్గర.

మరియమ్మ దగ్గర గొడవ ఎక్కువ. కాథలిక్కుల బోధ ప్రకారం ఆరాధన దేవుడికే, మరియమ్మకి గౌరవం, ఆమెని అడిగేది మన కోసం ప్రార్థించమని. పుస్తకంలో ఇది స్పష్టంగా ఉంది. కానీ ఫిబ్రవరిలో గుణదల తిరనాళ్ళకి వెళ్ళి, తలనీలాలు ఇచ్చేవాళ్ళనీ కొబ్బరికాయలు కొట్టేవాళ్ళనీ చూసిన ప్రొటెస్టెంటుకి ఆ తేడా ఎక్కడ కనపడుతుంది? అతనికి కలిగే ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అలాగే "రెండో ఆజ్ఞ కాథలిక్కులు తీసేశారు" అని ఒక మాట మన సంఘాల్లో బాగా తిరుగుతుంది. అది మాత్రం తప్పు. విగ్రహాల మాట వాళ్ళు మొదటి ఆజ్ఞలోనే కలిపి లెక్కపెడతారు, చివరి ఆజ్ఞని రెండు చేస్తారు. లూథరన్లు లెక్కపెట్టేదీ అచ్చం అలాగే. లెక్కల మనిషిని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక విశ్వాసం వల్ల నీతిమంతులం అవుతామా, క్రియల వల్లనా అన్న తగాదా. 1517లో లూథర్ లేపిన పెద్ద గొడవకి వేరు ఇదే. దాని మీద లూథరన్ ప్రపంచ సమాఖ్యా, కాథలిక్ సభా 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన ఆంధ్ర లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలు. అంటే ఆ ముఖ్యమైన తగాదా కాగితం మీద చాలామటుకు తీరింది. గుంటూరులో ఎంతమందికి తెలుసో మరి, నాకైతే అప్పటికి తెలియదు.

ఇప్పుడు మా మరదలి ప్రశ్నకి వద్దాం. జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వొచ్చా? ఇది కొత్త ప్రశ్న కాదు. 250ల్లోనే, చీలిపోయిన గుంపుల్లో బాప్తిస్మం పొందినవాళ్ళకి మళ్ళీ ఇవ్వాలని కార్తేజి బిషప్ సిప్రియన్ అన్నాడు, అక్కర్లేదని రోము బిషప్ స్టీఫెన్ అన్నాడు. చివరికి పశ్చిమంలో రోము మాటే నిలిచింది. అది మనిషి ఇచ్చేది కాదు, దేవుడిచ్చేది, కాబట్టి ఇచ్చినవాడు ఎవడైనా ఒక్కసారే అని. ప్రొటెస్టెంట్ల మీద మండిపడ్డ ట్రెంటు సభ కూడా 1547లో, సరైన పద్ధతిలో ఇస్తే వాళ్ళిచ్చిన బాప్తిస్మం చెల్లుతుందనే తేల్చింది. ఈ రోజుకీ అంతే. నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో పొందినవాళ్ళకి కాథలిక్కులు మళ్ళీ ఇవ్వరు. లూథరన్లూ, సి.ఎస్.ఐ. వాళ్ళూ కాథలిక్ జ్ఞానస్నానం ఒప్పుకుంటారు.

పసిపిల్లలకి ఇచ్చింది చెల్లదు, నమ్మినవాడే అడిగి తీసుకోవాలి అన్నవాళ్ళు 1525లో జూరిక్‌లో బయల్దేరారు. వాళ్ళలో ఫెలిక్స్ మాంజ్ అనే అతన్ని 1527లో నదిలో ముంచి చంపింది కాథలిక్కులు కాదు, జూరిక్‌లోని ప్రొటెస్టెంటు నగర సభ. 1529 ఏప్రిల్లో స్పైయర్ అనే ఊళ్ళో జర్మన్ రాజుల సభ జరిగింది. లూథర్ పక్షం రాజులు అక్కడ నిరసన తెలిపారు కాబట్టే ప్రొటెస్టెంటు అన్న పేరు పుట్టింది. అదే సభలో, అదే నెలలో, రెండోసారి బాప్తిస్మం ఇచ్చినా తీసుకున్నా మరణశిక్ష అని చట్టం చేశారు. దానికి కాథలిక్కులూ లూథరన్లూ ఇద్దరూ సరే అన్నారు. ఇద్దరూ కలిసి చేసిన పని అది! మా పెద్దల నెత్తిన ఆ రక్తం ఉంది. కాబట్టి అబ్బాయి తల్లిగారి నమ్మకాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. ఆ నమ్మకం కోసం మనుషులు ప్రాణాలు ఇచ్చారు. కానీ ఆ నమ్మకం ఒక వర్గానిది. దాన్ని పట్టుకుని చచ్చిపోయిన మనిషిని క్రైస్తవురాలు కాదనడానికి లేదు.

ఇంత చదివాక, మనం ఉంటున్న ఈ ఒమన్ ఏం చెబుతుందా అని చూశాను. ఈ నేలకి అప్పట్లో మజూన్ అని పేరు. 424లో జరిగిన తూర్పు సంఘం సభకి మజూన్ నుంచి యోహాన్నాన్ అనే బిషప్ వెళ్ళినట్టు రికార్డు ఉంది. లూథర్‌కి వెయ్యేళ్ళ ముందు మాట. ఆయన్ని కాథలిక్కా, ప్రొటెస్టెంటా అని అడిగితే బిత్తరపోయేవాడు. కానీ నికయా ప్రమాణం ఆయనకి తెలుసు, అంతకు 14 ఏళ్ళ ముందే వాళ్ళ సంఘం దాన్ని ఒప్పుకుంది. తర్వాత 1507లో పోర్చుగీసు వాళ్ళు మస్కట్‌ని తగలబెట్టి పట్టుకున్నారు, 1650 దాకా ఉన్నారు. ఒడ్డున కనిపించే మిరానీ, జలాలీ కోటలు 1580ల చివర్లో వాళ్ళు కట్టినవే. వాళ్ళు కాథలిక్కులు. 1891లో థామస్ వాల్పీ ఫ్రెంచ్ అనే ఆంగ్లికన్ బిషప్, లాహోరు పదవి వదులుకుని ముసలితనంలో ఇక్కడికి వచ్చి, మే నెల ఎండకి తట్టుకోలేక పోయాడు. ఆయన సమాధి పాత మస్కట్ దగ్గర పడవలో వెళ్ళాల్సిన ఒక చిన్న రేవులో ఉంది. ఆ తర్వాత అమెరికన్ రిఫార్మ్‌డ్ మిషను వాళ్ళు వచ్చి మత్రాలో ఆసుపత్రి నడిపారు.

సుల్తాన్ కాబూస్ గారు రువీలో చర్చిలకి స్థలం ఇచ్చారు. కాథలిక్కుల పేతురు పౌలుల గుడి 1977లో లేచింది. ప్రొటెస్టెంటు చర్చి దాని పక్కనే. వాళ్ళ మధ్య ఉన్న తగాదాలు తేల్చడం ప్రభుత్వం పని కాదు. స్థలం క్రైస్తవులకని ఇచ్చింది, అంతే. 2023 ఫిబ్రవరిలో ఒమన్, వాటికన్ దౌత్య సంబంధాలు కూడా పెట్టుకున్నాయి.

సరే, సంబంధం ఏమైందంటారా? ఇవన్నీ నేను చదివేలోపే మా మరదలు తనే ఫోన్ చేసి మాట్లాడింది. "అత్తయ్యగారూ, మీ సంఘానికి వస్తాను, మీ పాటలు పాడతాను. మళ్ళీ మునగమంటే మాత్రం, అమ్మ నాకిచ్చింది అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది" అందట. అవతల ఆవిడ చాలాసేపు మౌనంగా ఉండి, "నీ మాట నాకు అర్థమైందమ్మా, కానీ మా సంఘంలో ఒప్పుకోరు" అన్నారట. అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. సంబంధం అక్కడితో ఆగిపోయింది. మూడేళ్ళ తర్వాత ఇంకో అబ్బాయితో పెళ్ళయింది. అతనూ బాప్టిస్టే. అతను అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఇప్పటికీ శుక్రవారం రువీకి ఒకే కారులో వెళ్తాం. పార్కింగు దొరకడం ఒక యాతన, మీకు తెలుసు. దిగాక అక్కచెల్లెళ్ళిద్దరూ వాళ్ళ పూజకి, నేనూ తోడల్లుడూ ఇటు వైపు. వాళ్ళ గుళ్ళో సత్ప్రసాదం నాకు ఇవ్వరు, అది ఇంకా తెగని ముడి. నవంబర్ 2న మాత్రం అటే వెళ్తాను. ఆ రోజు చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తారు. మా లూథరన్ పద్ధతిలో అలాంటి ప్రార్థన లేదు. వెనక బెంచీలో కూర్చుంటాను. మా అత్తగారి పేరు చదివినప్పుడు మా మరదలు వెనక్కి తిరిగి నేనున్నానా లేదా అని చూస్తుంది.

ఉంటాను, సెలవు.