మరకైబో సరస్సు ఒడ్డున ఇచ్చిన రక్తం

పోస్టు పెద్దదే, రాత్రి తీరిగ్గా చదవండి.

మొన్న సికిల్ సెల్ క్యాంపు మీద మన గ్రూపులో గట్టిగానే వాదన నడిచింది. "రక్తం తీసుకుపోయేవాళ్లు వస్తూనే ఉంటారు, రిపోర్టు మాత్రం రాదు" అని ఒక తమ్ముడు. "టెస్టు చేయించుకోకపోతే నష్టపోయేది మన పిల్లలే" అని ఒక అక్క. మా గూడెంలో రెండేళ్ల కింద పిల్లల్నీ పెద్దల్నీ వరసలో నిలబెట్టి రక్తం తీసుకున్నారు. ఇప్పటిదాకా ఎవరికీ కాగితం రాలేదు. కాబట్టి తమ్ముడి కోపం నాకు తెలుసు. అక్క చెప్పిందీ నిజమే. అప్పట్నుంచి నా బుర్రలో ఒక చరిత్ర తిరుగుతోంది. మన దేశానిది కాదు. దక్షిణ అమెరికాలోని వెనిజులాలో, చేపలు పట్టి బతికే పేదవాళ్లు ఇచ్చిన రక్తంతో ప్రపంచం ఒక వంశపారంపర్య జబ్బు గుట్టు కనుక్కుంది. ఆ జబ్బు హంటింగ్టన్ వ్యాధి.

ముందు జబ్బు సంగతి చెప్తాను. మనిషి ముప్ఫై, నలభై ఏళ్ల దాకా మామూలుగానే ఉంటాడు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. తర్వాత ఎప్పుడో వేళ్లు వాటంతట అవే కదలడం మొదలవుతుంది. నడక తూలుతుంది. కోపం, దిగులు పెరుగుతాయి. ఆలోచన మందగిస్తుంది. మెదడు లోపల నాడీకణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతుంటాయి. పదిహేను, ఇరవై ఏళ్లలో మాట పోయి, మింగడం పోయి, చివరికి మనిషే పోతాడు. సికిల్ సెల్ జబ్బు రావాలంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు వైపులా రావాలి. దీనికి ఒక్క వైపు చాలు. అమ్మకో నాన్నకో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, బొమ్మా బొరుసూ వేసినట్టే. జబ్బు బయటపడేసరికి పిల్లలు పుట్టేసి ఉంటారు. అందుకే తరాలు మారినా ఇది ఆగలేదు.

1872లో జార్జ్ హంటింగ్టన్ అనే 22 ఏళ్ల అమెరికా డాక్టరు దీని గురించి స్పష్టంగా రాశాడు. అంత చిన్న వయసులో ఎలా రాయగలిగాడంటే, అతని తాత, నాన్న ఇద్దరూ లాంగ్ ఐలాండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో డాక్టర్లే. ఒకే ఊళ్లో, అవే కుటుంబాలను తరం తర్వాత తరం చూసిన అనుభవం అతని చేతిలో ఉంది. చిన్నప్పుడు నాన్నతో బండి మీద పోతుంటే, ఒంట్లో పట్టు లేనట్టు మెలికలు తిరుగుతూ నడిచే తల్లీకూతుళ్లను చూశానని తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ కుటుంబాలు జబ్బు పేరెత్తడానికే భయపడేవని కూడా అతనే రాశాడు. అంటే డాక్టరు రాయకముందే ఊరికి తెలుసు. పాత పుస్తకాల్లో దీన్ని హంటింగ్టన్ కొరియా అంటారు. కొరియా అంటే దేశం కాదు, గ్రీకులో నాట్యం.

ఆ తర్వాత జరిగింది చదివితే ఒళ్లు మండుతుంది. 1916లో చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త దాదాపు వెయ్యి మంది రోగుల వివరాలు పోగుచేయించి ఒక వ్యాసం అచ్చేశాడు. ఇలాంటివాళ్లు పిల్లల్ని కనకుండా ప్రభుత్వమే చూడాలన్నది ఆయన వాదన. 1933లో హిట్లర్ జర్మనీ బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు చట్టం తెచ్చింది. ఆ చట్టంలో రాసిన జబ్బుల జాబితాలో హంటింగ్టన్ కూడా ఉంది. వంశవృక్షం గీసిన కాగితం వైద్యానికి పనికొస్తుంది, మనుషుల్ని ఏరివేయడానికీ పనికొస్తుంది. "రిపోర్టు ఎవరి చేతికి పోతుంది" అని అడిగేవాళ్లను మనం తెలివితక్కువవాళ్లుగా చూడకూడదు.

కథ మలుపు తిరిగింది 1960ల చివర్లో. ఈసారి డాక్టర్ల కన్నా ముందు కదిలింది కుటుంబాలే. 1967లో వుడీ గుత్రీ అనే పేరున్న జానపద గాయకుడు ఈ జబ్బుతో చనిపోయాడు. ఆయన మాజీ భార్య మార్జరీ రోగుల కుటుంబాలను కూడగట్టి సంఘం పెట్టింది. 1968లో లియోనోర్ వెక్స్లర్ అనే ఆవిడకు ఇదే జబ్బని తేలింది. ఆమె తండ్రికీ ముగ్గురు అన్నదమ్ములకూ వచ్చింది కూడా ఇదే. అప్పటికే విడాకులైన భర్త మిల్టన్ ఇద్దరు కూతుళ్లనూ కూర్చోబెట్టి నిజం చెప్పేశాడు. మీ ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంది అని. ఆ ఏడే పరిశోధన కోసం ఒక సంస్థ పెట్టాడు. ఆ కూతుళ్లలో చిన్నామె నాన్సీ వెక్స్లర్. చదివింది సైకాలజీ. జన్యువుల వేటలో నడిపించింది మాత్రం ఈమే.

ఇక వెనిజులా. అక్కడ మరకైబో అని పెద్ద సరస్సు ఉంది. దాని అడుగున బోలెడు పెట్రోలు నిల్వలు. ఒడ్డున బతికేవాళ్లు మాత్రం నిరుపేదలు. (బొగ్గు, బాక్సైట్ పక్కనే పుట్టిన మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.) 1950ల మొదట్లో అమెరికో నెగ్రెట్ అనే యువ వెనిజులా డాక్టరు సాన్ లూయిస్ అనే పేటకు ఉద్యోగానికి వచ్చాడు. పొద్దున్నే తూలుతూ నడిచే మనుషులను చూసి తాగి ఉన్నారనుకున్నాడు. కాదు సార్, అది మా జబ్బు అని జనమే చెప్పారు. వాళ్లు దాన్ని "ఎల్ మాల్" అంటారు. స్పానిష్‌లో ఆ పాడుది, ఆ చెడ్డది అన్నట్టు. నెగ్రెట్ కుదురుగా పరిశీలించి ఇది హంటింగ్టన్ అని 1955లో ప్రకటించాడు. బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1972లో అమెరికాలోని ఒహాయోలో, హంటింగ్టన్ వ్యాసానికి వందేళ్లయిన సందర్భంగా సభ జరిగితే, నెగ్రెట్ శిష్యుడొకాయన ఈ ఊళ్ల ఫిలిం చూపించాడు. ఒకే ఊళ్లో అంతమంది రోగులా అని సభ నోరెళ్లబెట్టింది. ఆ హాల్లో నాన్సీ కూడా ఉంది.

1979లో ఆమె మొదటిసారి అక్కడికి వెళ్లింది. 1981 నుంచి 2002 దాకా ఏటా ఒక బృందాన్ని వెంటబెట్టుకుని వెళ్లింది. బర్రాంకితాస్ అనే మట్టి రోడ్ల ఊరు, లగునెతాస్ అని నీళ్లలో కర్రలు పాతి వాటి మీద ఇళ్లు కట్టుకున్న ఊరు. పడవల మీద పోయి ఇంటింటికీ తిరిగారు. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరు ఎవర్ని చేసుకున్నారు, ఎవరు ఎలా చనిపోయారు అని అడిగి రాసుకున్నారు. అలా పోగైన వంశవృక్షంలో చివరికి 18,000 మందికి పైగా ఉన్నారు, పది తరాలు. చాలా కుటుంబాల మూలాలు పంతొమ్మిదో శతాబ్దంలో బతికిన ఒకే ఒక్క స్త్రీ దగ్గరికి చేరాయి. మా తాతలు కూడా గోత్రాలు, ఇంటిపేర్లు ఏడు తరాలు గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లు. అలాంటి జ్ఞాపకమే అక్కడ విజ్ఞానానికి పునాది అయ్యింది.

మొదట్లో జనం నమ్మలేదు. ఇది మాకే పట్టిన శాపం అనుకునేవాళ్లు. అమెరికావాళ్లకు కూడా వస్తుందంటే ఎవరు నమ్ముతారు? నాన్సీ తన అమ్మ సంగతి చెప్పింది. పరీక్ష కోసం తన చేతి నుంచి కూడా చర్మం ముక్క తీశారని చెప్పింది. అప్పుడు పక్కనున్న వెనిజులా నర్సు ఆమె చెయ్యి పట్టుకుని ఆ చిన్న మచ్చను అందరికీ చూపించిందట. ఈమెకూ ఆ గుర్తు ఉంది చూడండి అని. తర్వాత జనం చేతులు చాచారు. మొత్తం 4,000కు పైగా రక్త నమూనాలు. ఈ ఒక్క ఘట్టం కోసమే నేనీ పోస్టు మొదలుపెట్టాను. మన దగ్గరికి సిరంజి పట్టుకుని వచ్చినవాళ్లలో ఎంతమంది ముందు తమ కథ చెప్పారు?

రక్తం విమానంలో అమెరికాలోని బోస్టన్‌కు పోయేది. అక్కడ జేమ్స్ గుసెల్లా అనే కుర్ర శాస్త్రవేత్త పని చూడండి. అప్పటికి ఆ జన్యువు ఏదో, ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. అడవిలో తేనెపట్టున్న చెట్టు కనపడకపోయినా, దాని పక్కనుండే బండను ఆనవాలు పట్టుకుంటే చాలదూ? అలాగే జబ్బు వచ్చిన ప్రతివాళ్లలోనూ జబ్బుతో పాటే దిగివచ్చే డీఎన్ఏ ఆనవాలు కోసం వెతికాడు. ఏళ్లు పడుతుందని అందరూ అనుకున్నారు. మొదటి డజను ఆనవాళ్లలోనే ఒకటి తగిలింది. ముందు ఒక అమెరికా కుటుంబంలో లీలగా కనిపించింది, వెనిజులా కుటుంబాల్లో గట్టిగా రుజువైంది. 1983 నవంబరులో నేచర్ పత్రికలో వచ్చింది: జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉంది. ఈ పద్ధతిలో మనిషి జబ్బు జన్యువు చిరునామా పట్టుకున్న తొలి విజయాల్లో ఇదొకటి. తర్వాత ఎన్నో జబ్బులకు ఇదే దారి అయ్యింది.

చిరునామా దొరికినా ఇల్లు దొరకడానికి పదేళ్లు పట్టింది. ఆరు పరిశోధన బృందాలు, 58 మంది శాస్త్రవేత్తలు కలిసి 1993 మార్చిలో జన్యువును బయటపెట్టారు. తప్పు చాలా చిన్నది. డీఎన్ఏలో సి, ఎ, జి అనే మూడక్షరాలు అక్కడ పదేపదే వస్తాయి. 26 సార్లు, ఆ లోపు అయితే ఏమీ కాదు. 40, ఆ పైన ఉంటే జబ్బు తప్పదు. మధ్యలోనివి సందేహపు అంకెలు. పూసల దండలో ఒకే రంగు పూస ఎక్కువసార్లు గుచ్చేసినట్టు. దాంతో తయారయ్యే ప్రోటీన్ వంకరపోయి నాడీకణాలను చంపుతుంది.

జన్యువు దొరకగానే టెస్టు వచ్చేసింది, మందు రాలేదు. చిన్న రక్త పరీక్షతో నీకు జబ్బు వస్తుందో రాదో చెప్పగలరు, ఆపలేరు. అందుకే ముప్పు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ ఆ టెస్టు చేయించుకోరు. నాన్సీ కూడా ఫలితం గురించి ఏళ్లపాటు బయట మాట్లాడలేదు. 2020లో, 74 ఏళ్ల వయసులో, నాకూ ఈ జబ్బు ఉంది అని న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పింది.

మందుల సంగతి క్లుప్తంగా. 2008లో అమెరికా టెట్రాబెనజైన్ అనే మాత్రకు అనుమతి ఇచ్చింది. అది కదలికలను తగ్గిస్తుంది, జబ్బును కాదు. వంకర ప్రోటీన్ తయారీనే తగ్గించే టొమినెర్సెన్ అనే ఇంజక్షన్‌ను వెన్నులోకి ఇచ్చి పరీక్షించారు. 2017లో ప్రోటీన్ తగ్గిందని తెలిసి రోగుల కుటుంబాలు సంబరపడ్డాయి. 2021 మార్చిలో పెద్ద పరీక్ష మధ్యలోనే ఇంజక్షన్లు ఆపేశారు, మేలు కనపడలేదని. 2025 సెప్టెంబరులో యూనిక్యూర్ అనే కంపెనీ మరో కబురు చెప్పింది. గంటల తరబడి ఆపరేషన్ చేసి మెదడులోకి నేరుగా ఎక్కించే జన్యు చికిత్సతో, మూడేళ్లలో జబ్బు వేగం 75 శాతం తగ్గిందని. చూసింది కేవలం పన్నెండు మందిని, చెప్పింది కంపెనీయే. కాబట్టి పండగ చేసుకోకుండా గమనిద్దాం.

మరి సరస్సు ఒడ్డున రక్తమిచ్చినవాళ్లు? అన్యాయంగా మాట్లాడకూడదు. నాన్సీ బృందం వెళ్లినప్పుడల్లా మందులు, బట్టలు ఇచ్చింది. 1999లో మరకైబోలో రోగుల కోసం ఒక ఆశ్రమం కూడా తెరిచారు. అది తర్వాత మూతపడింది. దేశం ఆర్థికంగా కుప్పకూలాక ఆ కుటుంబాలకు మందులే కాదు, తిండి కూడా కరువైంది. టొమినెర్సెన్ మొదటి పరీక్ష జరిగింది బ్రిటన్, కెనడా, జర్మనీల్లో. వెనిజులాలో కాదు. ఈ బాకీ సంగతి ఆ రంగం శాస్త్రవేత్తలే లేవనెత్తారు. వాళ్లలో ఒకాయన ఆ కుటుంబాల కోసం ఫాక్టర్ హెచ్ అనే సంస్థ పెట్టి సాయం చేస్తున్నాడు. 2017 మేలో ఈ ఊళ్ల నుంచి కొందరు రోములో పోప్ ఫ్రాన్సిస్‌ను కలిశారు. దాచుకోవాల్సిన జబ్బు కాదిది అని ఆయన నోటితో చెప్పించుకుని వచ్చారు.

ఇప్పుడు మన సంగతి. మన దేశంలో సికిల్ సెల్‌ను తొలిసారి గుర్తించిన చోట్లలో ఒకటి నీలగిరి కొండలు, 1952లో, ఆదివాసీల రక్తంలో. నెగ్రెట్ సాన్ లూయిస్‌లో తిరిగిన రోజులవి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, ఏడు కోట్ల మందికి పరీక్షలు లక్ష్యం. అదే ఏడు డిసెంబరులో అమెరికాలో సికిల్ సెల్‌కు జన్యు చికిత్స వచ్చింది, ధర 22 లక్షల డాలర్లు. అది మన గూడేలకు ఎప్పుడొస్తుందో అడగడం తర్వాతి మాట. మా ఊళ్లో ఇంకా కాగితమే రాలేదు.

మీ ఊళ్లో కూడా రక్తం తీసుకుని రిపోర్టు ఇవ్వకపోతే ఊరి పేరు, క్యాంపు జరిగిన నెల నాకు రాసి పంపండి. మనుషుల పేర్లు వద్దు, జబ్బు వివరాలు అసలే వద్దు. పదిహేను రోజుల్లో లిస్టు తయారుచేసి, నర్సింగ్ చదివే మన చెల్లెళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్తాను.