గ్వెన్ ఆలెన్

గ్వెన్ ఆలెన్ అమెరికన్ కళాచరిత్రకారిణి, శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో ఆచార్యురాలు. 1960ల నుంచి 1980ల దాకా కళాకారులు సొంతంగా నడుపుకున్న పత్రికలు ఆమె పరిశోధనకు కేంద్రం. కళాచరిత్రకారులు పాత పత్రికలను ఎక్కువగా సమీక్షల కోసమో, ప్రదర్శన తేదీల కోసమో తిరగేస్తారు. ఆలెన్‌కు కాగితం, అచ్చు, ధర, ప్రకటనలు, పంపిణీ అన్నీ ఆధారాలే.

ఆమె ప్రధాన గ్రంథం ‘ఆర్టిస్ట్స్ మ్యాగజైన్స్: యాన్ ఆల్టర్నేటివ్ స్పేస్ ఫర్ ఆర్ట్’ను 2011లో ఎం.ఐ.టి. ప్రెస్ ప్రచురించింది. ఆ కాలపు కొత్త కళలో చాలా భాగం గోడకు తగిలించడానికి వీలులేనిది: ఒక ఆలోచన, కొన్ని వాక్యాలు, కాసేపట్లో ముగిసిపోయే ఒక చర్య. అలాంటి కళకు అచ్చు పేజీయే ప్రదర్శనశాల అయిందని ఆలెన్ చూపించారు.

ఇందుకు ‘ఆస్పెన్’ను మించిన ఉదాహరణ దొరకదు. 1965లో ఫిలిస్ జాన్సన్ ప్రారంభించిన ఈ పత్రిక విడి విడి వస్తువులతో, చాలాసార్లు పెట్టెలో పెట్టి వచ్చేది. 1967లో కళాకారుడు బ్రయాన్ ఓడొహెర్టీ సంపాదకత్వంలో 5, 6 సంచికలు కలిపి వెలువడ్డాయి. ఆ తెల్లటి పెట్టె తెరిస్తే సూపర్-8 ఫిల్ము, గ్రామఫోన్ రికార్డులు, టోనీ స్మిత్ శిల్పాన్ని ఇంట్లోనే కూర్చుకోవడానికి అట్టముక్కలు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ ప్రసిద్ధ వ్యాసం ‘ది డెత్ ఆఫ్ ది ఆథర్’ ఫ్రెంచిలో రాకముందే ఇంగ్లీషులో ఈ పెట్టెలోనే వెలువడింది. రచనకు అర్థం పాఠకుడి దగ్గరే ఏర్పడుతుందన్న వ్యాసాన్ని, పాఠకుడి చేతికి పని చెప్పే పెట్టెలో ఉంచడం గొప్ప సంపాదకత్వం. అమెరికా తపాలా శాఖ మాత్రం ‘ఆస్పెన్’ను పత్రికగా ఒప్పుకోక తపాలా రాయితీ రద్దు చేసింది. 1971లో ‘ఆస్పెన్’ ఆగిపోయింది.

న్యూయార్క్ నుంచి విల్లోబీ షార్ప్, లీజా బేర్ 1970-76 మధ్య 13 సంచికలు తెచ్చిన ‘అవలాంచ్’ది వేరే దారి. విమర్శకుడి తీర్పు పక్కనపెట్టి, కళాకారుల సంభాషణలు వేసింది. తొలి ముఖచిత్రం మీద జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ ముఖం. ఈ ఇంటర్వ్యూల మీద ఆలెన్ 2005లో ‘ఆర్ట్ జర్నల్’లో వ్యాసం రాశారు.

కవులు వీటో అకాంచి, బెర్నడెట్ మేయర్ సైక్లోస్టైల్ చేసిన ‘0 టు 9’, చవక న్యూస్‌ప్రింట్ మీద వచ్చిన ‘ఆర్ట్-రైట్’ కూడా ఆమె గ్రంథంలో ఉన్నాయి. అందులోని టొరంటో పత్రిక ‘ఫైల్’, అమెరికన్ పత్రిక ‘లైఫ్’ లోగోను అనుకరించి దాని యాజమాన్యంతో న్యాయ వివాదంలో పడింది.

జర్మనీ పత్రిక ‘ఇంటర్‌ఫుంక్ట్సియోనెన్’ కథ వీటన్నిటికన్నా చేదు. నాజీ వందనం చేస్తూ జర్మన్ కళాకారుడు ఆన్సెల్మ్ కీఫర్ తీయించుకున్న ఫొటోలను 1975లో సంపాదకుడు బెంజమిన్ బుక్లో ప్రచురించాడు. తోటి కళాకారులే మండిపడ్డారు. ఆ సంచికే చివరిదైంది. స్వతంత్ర పత్రికకు అండ ఎంత పలచనో ఇక్కడ కళ్లకు కడుతుంది.

గ్రంథం చివర 1945-1989 మధ్య పత్రికల వివరాల పట్టిక ఉంది. ఈ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థికి బహుశా అన్నిటికన్నా అక్కరకొచ్చేది అదే. 2016లో వైట్‌చాపెల్ గ్యాలరీ సంకలనాల వరసలో ఆలెన్ సంపాదకత్వాన ‘ది మ్యాగజైన్’ వెలువడింది.