‘చేశాను’ అనే చిన్న క్రియ: మాంక్స్ వ్యాకరణానికి రెండు వందల ఏళ్లు

మాంక్స్ భాషలో ‘విసిరాను’ అనడానికి రెండు దారులున్నాయి. ధాతువునే మార్చి ‘హిల్గ్ మీ’ అనవచ్చు. ‘రెన్ మీ టిల్గె’, అంటే ‘విసరడం చేశాను’ అని కూడా అనవచ్చు. బైబిలు గద్యంలో రెండూ కనిపిస్తాయి. ఆ భాష ఉగ్గుపాలతో వచ్చిన చివరి తరం నోట మాత్రం రెండోదే ఎక్కువ. మాంక్స్‌కు వ్యాకరణాలు రాసినవారు ఈ రెండో దారిని ఎలా చూశారన్నది గమనిస్తే, ఆ భాషను ఎవరి కోసం, ఎందుకు నేర్పారో తెలుస్తుంది.

మాంక్స్ బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మాన్ దీవి భాష. ఐరిష్, స్కాటిష్ గేలిక్ దానికి తోబుట్టువులు. రాతలోకి ఆలస్యంగా వచ్చింది. 1610 ప్రాంతంలో బిషప్ జాన్ ఫిలిప్స్ ప్రార్థన గ్రంథాన్ని అనువదించాడు కానీ, అది 1890ల దాకా రాతప్రతిగానే ఉండిపోయింది. అచ్చయిన తొలి మాంక్స్ పుస్తకం 1707 నాటిది. కొత్త నిబంధన 1767లో వచ్చింది, పాత నిబంధన 1770ల తొలి ఏళ్లలో.

ఆ బైబిలు పనిలోనే తొలి వ్యాకరణకర్త తయారయ్యాడు. ఇరవై ఏళ్ల జాన్ కెల్లీ 1771లో రాతప్రతితో ఇంగ్లండుకు వెళుతుండగా ఓడ పగిలింది. ఐదు గంటలపాటు ఆ కాగితాల్ని నీటికి అందకుండా పైకెత్తి పట్టుకుని కాపాడాడని చెబుతారు. ఆయన వ్యాకరణం 1804లో లండన్‌లో వెలువడింది. లాటిన్ చదివిన పాదిరి రాసిన పుస్తకం కాబట్టి లాటిన్ మూసలోనే ఉంది. పదం చివర అంతగా మారని నామవాచకాలకు కూడా లాటిన్ తరహా విభక్తుల పట్టికలు కట్టాడు. మాంక్స్‌లో అసలు మార్పు పదం మొదట్లో జరుగుతుంది. ‘టిల్గ్’ భూతకాలంలో ‘హిల్గ్’ అవుతుంది. లాటిన్ మూసకు ఇది అలవాటు లేని సంగతి.

నా దృష్టిలో ఈ చిక్కును నిజంగా అర్థం చేసుకున్నవాడు నిఘంటుకర్త ఆర్చిబాల్డ్ క్రెగీన్. 1835 తేదీతో వచ్చిన ఆయన నిఘంటువులో మొదటి అక్షరం మారిన రూపాలు కూడా అక్షర క్రమంలోనే ఉంటాయి. బైబిలు చదివే రైతుకు ‘హిల్గ్’ తగిలితే ‘హ’ దగ్గరే వెతుక్కోవచ్చు. ధాతువు ఏమిటో అక్కడే తెలుస్తుంది. వ్యాకరణం అనే పేరు లేకుండానే అది వ్యాకరణం చేయవలసిన పని చేసింది.

1899లో మాంక్స్ భాషా సంఘం ఏర్పడేనాటికి భాష ఇళ్లలోంచి జారిపోతోంది. 1901 జనాభా లెక్కల్లో మాట్లాడేవారు 4,419 మంది. అప్పటిదాకా పుస్తకాలు భాష వచ్చినవాళ్లకే. ఇప్పుడు రానివాళ్లకు నేర్పాలి. పీల్ పట్టణానికి చెందిన ఎడ్మండ్ గుడ్విన్ 1901లో తెచ్చిన పాఠాల పుస్తకం ఆ అవసరం తీర్చింది. తర్వాతి తరాలు కూడా దాన్ని సవరించుకుని వాడుకున్నాయి. జె. జె. నీన్ రాసిన పెద్ద వ్యాకరణం 1910 నాటికే సిద్ధమైనా, అచ్చయింది 1931లో. అప్పటికి మాట్లాడేవాళ్లు ఐదు వందల పైచిలుకే మిగిలారు.

పోలికల పాఠం ఎవరి పుస్తకంలోనైనా తప్పదు. ‘కంటే’ చేర్చితే మన తెలుగులో విశేషణాన్ని ముట్టుకోనక్కర్లేదు. మాంక్స్‌లో విశేషణం కూడా మారాలి. ‘ట్రోమ్’ అంటే బరువైన. ‘నె స్ట్రిమ్మె’ అంటే మరింత బరువైన. ముందు చేరిన ‘స్’ ఒకప్పటి ‘అగును’ క్రియ ముక్క. ‘కంటే’ స్థానంలో ‘నా’ వస్తుంది. ‘అన్నిటికంటే’ అనడానికి మరో రూపం లేదు, ‘నె’ లేకుండా ఆ ‘స్’ రూపమే చాలు. కష్టమంతా నిత్యం వాడే మాటలతోనే. మంచికి ‘మై’, మరింత మంచికి ‘షేర్’. చెడుకు ‘ఒల్క్’, మరింత చెడుకు ‘స్మెస్సె’. పెద్దకు ‘మూర్’, మరింత పెద్దకు ‘స్మూ’. చిన్నకు ‘బెగ్’, మరింత చిన్నకు ‘స్లూ’. ఇవి కంఠతా పట్టాల్సిందే, అడ్డదారి లేదు.

క్రియలకు అడ్డదారి ఉంది. నియమబద్ధమైన క్రియకు వర్తమానంలో సొంత రూపమే లేదు. ‘టా మీ టిల్గె’, అంటే ‘విసురుతూ ఉన్నాను’ అనే అనాలి. భవిష్యత్తుకు ‘టిల్గిమ్’, ‘విసురుదును’ అనే అర్థానికి ‘హిల్గిన్’. వీటి బదులు ‘చేయు’ క్రియ రూపాలు నేర్చుకుంటే ‘నీయిమ్ టిల్గె’, ‘యిన్నిన్ టిల్గె’ అనేయవచ్చు. ధాతువు మొదలు, చివర రెండూ చెక్కుచెదరవు. మనం ‘ఫోన్ చేశాను’ అన్నట్టే.

పుస్తకాన్ని ప్రమాణంగా పట్టుకున్నవారికి ఈ ‘చేయు’ వాడుక భాష అరిగిపోయినట్టు తోచడం సహజం. ఆ చూపును సరిదిద్దడానికి నోటి మాట దొరకాలి. 1947లో ఐర్లండ్ ప్రధాని డి వలేరా దీవికి వచ్చాడు. ఆయన చొరవతో మరుసటి ఏడు ఐరిష్ జానపద కమిషన్ చివరి వక్తల గొంతులు రికార్డు చేసింది. వారిలో ఆఖరివాడు నెడ్ మాడ్రెల్ 1974లో కన్నుమూశాడు. అలాంటి రికార్డుల్ని, పండితుల క్షేత్ర నమోదుల్ని ఆధారం చేసుకుని జార్జ్ బ్రోడరిక్ 1984-86 మధ్య మూడు సంపుటాల్లో చివరి దశ మాంక్స్‌ను వర్ణించాడు. ‘ఇలా మాట్లాడాలి’ అనడం మాని ‘ఇలా మాట్లాడారు’ అని చూపించాడు. మాంక్స్ వ్యాకరణ చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదని నేననుకుంటాను.

2001లో మాంక్స్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల మొదలైంది. 2009లో యునెస్కో మాంక్స్‌ను అంతరించిన భాషగా ప్రకటిస్తే, ఆ బడి పిల్లలు మాంక్స్‌లోనే ఉత్తరాలు రాశారు. యునెస్కో ఆ మాట మార్చుకుంది. 2021 లెక్కల్లో మాంక్స్ ఎంతోకొంత వచ్చినవారు 2,223 మంది. కొత్తగా చేరే పెద్దలకు ‘రెన్ మీ’ తొలి వారమే నేర్పాలని, ‘హిల్గ్ మీ’ని బైబిలు చదివే రోజుకు ఉంచాలని నా అభిప్రాయం. ‘షేర్’, ‘స్మెస్సె’ మాత్రం మొదటి రోజే రావాలి. మంచిచెడులు పోల్చుకోకుండా సంభాషణ ఎంతోసేపు సాగదు.