కిడ్నీ మార్పిడి తర్వాత స్టెరాయిడ్ల తగ్గింపు: చరిత్ర

మార్పిడి చేసిన కిడ్నీని శరీరం పరాయిదిగా గుర్తించి దాడి చేయకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు జీవితాంతం వాడాలి. ఆ మందుల్లో ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు మొదటి తరానివి. వాటిని ఎంత తగ్గించవచ్చు, పూర్తిగా మానేయవచ్చా అన్నది అరవై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి సఫల మార్పిడికి ఈ మందుల అవసరం రాలేదు. ఎందుకంటే కిడ్నీ ఇచ్చిన, పొందిన అన్నదమ్ములిద్దరూ ఒకే పోలిక కవలలు. మిగతావారికి దారి చూపింది 1963లో డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ ప్రకటించిన ఫలితాలు. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్‌కు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ జోడిస్తే, మొదలైపోయిన రిజెక్షన్‌ను, అంటే కొత్త కిడ్నీపై శరీరం చేసే దాడిని, కూడా వెనక్కి మళ్లించవచ్చని ఆయన చూపారు. నాటి నుంచి స్టెరాయిడ్ల పెద్ద మోతాదులు వాడుకలోకి వచ్చాయి. ముఖం ఉబ్బి గుండ్రంగా మారడం, షుగరు, రక్తపోటు, కంట్లో శుక్లాలు, ఎముకలు గుల్లబారడం వంటివి రోగులను పీడించాయి. రక్తప్రసరణ ఆగి తుంటి దగ్గర తొడ ఎముక తల కుంగిపోయేది. పిల్లల్లో ఎదుగుదల నిలిచిపోయేది.

ఇంత మూల్యం అక్కరలేదని మొదట గట్టిగా నిరూపించినవారిలో బెల్‌ఫాస్ట్ వైద్యురాలు మేరీ మెక్‌గోన్ ఒకరు. మిగతా కేంద్రాలు అంతకు ఎన్నో రెట్లు ఇస్తున్న రోజుల్లో ఆమె మొదటి నుంచీ రోజుకు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తోనే నడిపి, మంచి ఫలితాలు సాధించారు. మార్పిడి చరిత్రలో ఆమెకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ సైక్లోస్పోరిన్ అనే కొత్త మందును రోగులకు వాడటంతో స్టెరాయిడ్లు పూర్తిగా మానేయవచ్చన్న ఆశ పుట్టింది. ఆ ఆశకు కెనడాలో జరిగిన ఒక పరీక్ష అడ్డుకట్ట వేసింది. సైక్లోస్పోరిన్ వాడుతూ కిడ్నీ బాగా పనిచేస్తున్న 523 మందిలో సగం మందికి మార్పిడి జరిగిన 90 రోజుల తర్వాత ప్రెడ్నిసోన్ బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. తొలి ఏడాదిలో తేడా పెద్దగా కనిపించలేదు. అయిదేళ్లకు వచ్చేసరికి స్టెరాయిడ్ కొనసాగించినవారిలో 85 శాతం, మానినవారిలో 73 శాతం కిడ్నీలు నిలిచాయి. 1992లో వెలువడిన ఈ లెక్క ఎందరో వైద్యుల చేయి వెనక్కి లాగింది. మైకోఫెనోలేట్ అనే మరో మందు వచ్చాక అమెరికాలో మూడు నెలలకు స్టెరాయిడ్ మాన్పించి చూశారు. రిజెక్షన్లు, ముఖ్యంగా నల్లజాతి రోగుల్లో, పెరగడంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. దాని ఫలితాలు 1999లో వచ్చాయి.

అసలు మలుపు అప్పుడే వచ్చింది. నెలల తరబడి స్టెరాయిడ్‌కు అలవాటుపడ్డ శరీరం నుంచి దాన్ని లాగేయడం కంటే, శస్త్రచికిత్స జరిగిన వారంలోపే ఆపేస్తే? అందుకు ఆపరేషన్ సమయంలోనే రోగనిరోధక శక్తిని అణచే యాంటీబాడీ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ మందులు సాగించాలి. 2008లో అమెరికాలో వెలువడిన అయిదేళ్ల పరీక్షలో, ఏడో రోజున మానినవారిలో బయాప్సీలో తేలిన రిజెక్షన్ 17.8 శాతం, రోజుకు 5 మిల్లీగ్రాములు కొనసాగించినవారిలో 10.8 శాతం. అయినా కిడ్నీ నిలవడంలో తేడా రాలేదు. 2016లో జర్మనీ పరిశోధకులు ప్రకటించిన హార్మొనీ పరీక్షలో ఇలా త్వరగా ఆపినవారిలో రిజెక్షన్ పెరగకుండానే, కొత్తగా షుగరు వచ్చినవారు 39 శాతం నుంచి 24 శాతం దగ్గరకు తగ్గారు. 2009 నాటి కేడిగో అంతర్జాతీయ మార్గదర్శకాల సారమూ ఇదే: ముప్పు తక్కువ ఉండి యాంటీబాడీ మందు తీసుకున్నవారికి తొలి వారంలో ఆపవచ్చు, వారం దాటి వాడితే కొనసాగించడమే మేలు.

మన దేశంలో షుగరు ఇప్పటికే విస్తృతం. టాక్రోలిమస్ కూడా చక్కెరను పెంచుతుంది కాబట్టి స్టెరాయిడ్ తగ్గింపు ఇక్కడ మరింత విలువైనది. యాంటీబాడీ ఇంజెక్షన్లు ఖరీదైనవి, ప్రెడ్నిసోలోన్ చవక. అందుకే ఎంతోమంది రోజూ పొద్దున టిఫిన్ తర్వాత చిన్న మోతాదు వైసొలోన్ (ప్రెడ్నిసోలోన్) మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. ఏళ్ల తరబడి ఇది వాడితే అడ్రినల్ గ్రంథి శరీరపు సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీని తగ్గించేస్తుంది. మాత్ర హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా రిజెక్షన్ మొదలైనా రోగికి ఏమీ తెలియకపోవచ్చు, తొలి సూచన రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగడమే కావచ్చు. అందుకే తగ్గింపు ఏదైనా వైద్యుడి చేతి మీదుగా, మెల్లగా, రక్తపరీక్షల నడుమ జరుగుతుంది.